అడుగుమాడు

“ఏమే, ఉప్పు చూశావా?”

పద్దెనిమిదేళ్ళుగా రోశమ్మకి ఈ మాటతోనే తెల్లవారుతోంది. అత్తగారు వీరరాఘవమ్మ మంచం దిగకముందే అడుగుతుంది. పొయ్యి మీద ఏముందో ఆవిడకి తెలియదు. అసలు పొయ్యి వెలిగిందో లేదో కూడా తెలియదు. పొద్దున్నే దేవుణ్ణి తల్చుకున్నట్టు ఒకసారి ఉప్పుని తల్చుకుంటే గాని ఆవిడకి రోజు మొదలు కాదు. “చూశానత్తయ్యా” అంటుంది రోశమ్మ, చూసినా చూడకపోయినా.

నిజానికి రోశమ్మ నాలుక సంగతి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సు మొత్తానికీ తెలుసు. పిడుగురాళ్ల నుంచి మాచర్ల పోయే దారిలో సున్నపురాళ్ళ గనుల పక్కన కట్టిన క్వార్టర్సు అవి. ఏ ఇంట్లో పచ్చడి జాడీకెత్తినా ముందు ఒక చిన్న గిన్నె రోశమ్మ గుమ్మానికి వస్తుంది. “పిన్నీ, ఉప్పు సరిపోయిందో లేదో చూడు.” విరగబోయే పాలని వాసనతోనే కనిపెడుతుంది. పప్పులో కంది కొత్తదో పాతదో చెబుతుంది. అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని నాకి, కళ్ళు సగం మూసి, “ఇంకో పిడికెడు పడుద్ది” అంటే ఆ మాటకి తిరుగు లేదు. ఆ నాలుక అబద్ధమాడదని పేరు. కాకపోతే ఆ నాలుక పని చూడటం వరకే. తినటం వేరే వాళ్ళ పని. అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలింది ఆమెది. అడుగున మిగిలేది ఎప్పుడూ మాడే. అన్నం మాడు, పప్పు మాడు, ఉప్మా మాడు. ఇన్నేళ్ళుగా ఆమె చూసిన వంటలు వేరు, తిన్న వంటలు వేరు. ఆ మాట ఎవరికైనా చెబితే నవ్వుతారు, అందుకని ఎవరికీ చెప్పలేదు.

పుట్టింట్లోనూ అంతే. వాళ్ళది రొంపిచెర్ల దగ్గర పల్లె. అమ్మ పిడకల దాలి మీద పాలకుండ పెట్టేది. పొద్దుగూకే వరకూ సన్నసెగన కాగి కాగి పాలు ఇటుకరంగుకి తిరిగేవి. కుండ దించాక అడుగున అంటుకున్న గోకు ఉంటుందే, దాన్ని చిప్పతో గీకితే ఆ వాసనకి వీధిలో పిల్లలు ఆగిపోవాలి. ఆ గోకు అన్నకి. “మొగపిల్లాడు, బలం రావాలి” అనేది అమ్మ. రోశమ్మ కుండ తోమేది. తోమేముందు వేలితో ఒకసారి అంచు తుడిచి నాలిక్కి రాసుకునేది. అదీ అమ్మ చూడకుండా.

భర్త నరసింహారావు మనిషి చెడ్డవాడేమీ కాదు. కొట్టడు. తిట్టినా బూతులు తిట్టడు. ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్ దాకా ఎక్కినవాడు, నలుగురిలో మాట ఉన్నవాడు. ఆయనకి ఒక ఊతపదం ఉంది. “ఎవర్ని అడిగి?” పక్కింటి హజ్రా బీకి కాసిని మజ్జిగ పోస్తే, “ఎవర్ని అడిగి పోశావే?” నరసరావుపేటలో అక్క కూతురి పురిటికి ఒక పూట ఎక్కువ ఉండి వస్తే, “ఎవర్ని అడిగి ఉన్నావు?” జుట్టు రాలిపోతోందని కొసలు కత్తిరించుకుంటే, దానికీ అదే. జవాబు కోసం అడిగే ప్రశ్న కాదది. ఆయనకి చెప్పులు విప్పటం ఎట్లాగో ఆ మాట అనటమూ అట్లాగే. స్నేహితులు వస్తే ఇంకో మాట ఉంది, దానికి అందరూ పగలబడి నవ్వుతారు. “మా ఆవిడ రోషమంతా పేరుకే ఖర్చయిపోయిందిరా.” కాఫీ గ్లాసులు తీసుకుపోతూ రోశమ్మ కూడా నవ్వుతుంది. మొదట్లో ఊరికే నవ్వేది. తర్వాత తర్వాత అలవాటుగా నవ్వుతోంది. ఈ మధ్య నవ్వటానికి కూడా ఓపిక ఉండటం లేదు.

పోయిన ధనుర్మాసంలో ఫ్యాక్టరీలో కొత్త మిల్లు బిగించటానికి జర్మనీ నుంచి ఒకాయన వచ్చాడు. పేరు హెర్మన్. అది వీరరాఘవమ్మ నోట్లో పడి హరిమన్న అయింది. గెస్టుహౌసు వంటవాడి కారానికి హరిమన్న కడుపు మూడోరోజుకే చెడింది. పెద్దాఫీసరు జి.ఎం. గారు కంగారు పడుతుంటే నరసింహారావు ముందుకి వచ్చాడు. “మా ఇంట్లో చప్పగా వండించి పంపుతా సార్” అన్నాడు. ఇంట్లో చెప్పింది మాత్రం ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూ. “రేపటి నుంచి దొరకి రెండు పూట్లా కారియరు పంపాలి. కారం ముట్టించబాకు.” షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టు ఒకటి ఖాళీ అవుతోందనీ, అది రావాలంటే జి.ఎం. గారి మనసులో పడాలనీ కూడా చెప్పాడు. రోశమ్మకి అడగాలనిపించింది, ఎవర్ని అడిగి ఒప్పుకున్నావని. అడగలేదు. స్టవ్వుకి కిరసనాయిలు సరిపోతుందా లేదా అని చూసుకుంది.

నెలరోజులన్నది యాభై మూడు రోజులైంది. తెల్లారుజామున నాలుగింటికి లేచి, ఇంట్లో వాళ్ళకి కారంతో ఒక వంట, దొరకి చప్పగా ఒక వంట. ఉప్పూ కారం తినే ఒళ్ళు కదా అంటారు, రోషం ఉండాలని చెప్పటానికి. ఆ యాభై మూడు రోజులూ కారం లేని గరిట నాకి నాకి, తనకి ఉన్న ఆ కాస్తా కూడా పోయిందేమో అనుకునేది రోశమ్మ. ఒకరోజు నరసింహారావు ఇంటికి రాగానే ముఖం వెలిగిపోతూ చెప్పాడు. “జి.ఎం. గారు నా భుజం తట్టి, నరసింహారావ్, దొరని బాగా చూసుకుంటున్నావయ్యా అన్నారే!” చొక్కా విప్పేలోపు ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. భుజం మాత్రం నొప్పిపుట్టేది రోశమ్మకి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి అది జరిగింది. పాలతో పరమాన్నం పొయ్యి మీద ఉంది. అదే సమయానికి కుళాయి వచ్చింది. వచ్చేదే అరగంట. బిందెలు నింపుతుంటే అత్తయ్యకి దగ్గుతెర వచ్చి మంచం మీదే కూలబడింది. ఆవిడ వీపు నిమిరి నీళ్ళు తాగించి వచ్చేసరికి పరమాన్నం అడుగంటింది. గుమ్మంలో కారియరు కోసం వచ్చిన మనిషి సైకిలు గంట కొడుతున్నాడు. మళ్ళీ వండే టైము లేదు. ఉన్నదే పెట్టి పంపేసింది. ఆ సాయంత్రం నరసింహారావు అరుపులు రెండు వీధులకి వినబడ్డాయి. “ఎవర్ని అడిగి పంపావే మాడిన కూడు? నా పరువు తీశావు గదే!” కూతురు రత్నకుమారి తొమ్మిదో తరగతి పుస్తకంలో తల దూర్చుకుంది. రోశమ్మ గోడకి ఆనుకుని నుంచుంది. తిట్లకి కాదు, కాళ్ళు లాగుతుంటే.

మర్నాడు కారియరు తీసుకుని బాలశౌరి వచ్చాడు. హైదరాబాదు నుంచి దొరతో పాటు వచ్చిన కుర్ర ఇంజనీరు, దొర మాటలు తెలుగులో చెప్పేవాడు. “అక్కా, నిన్నటి స్వీటు ఇంకోసారి కావాలంటున్నాడు దొర. పైన తెల్లగా ఉన్నది కాదంట. అడుగుది” అన్నాడు. ఎగతాళేమో అనుకుంది రోశమ్మ. గిన్నె మూత తీసి చూస్తే లోపల గీకి గీకి తిన్న చెంచా గీతలున్నాయి. తోమినంత శుభ్రంగా ఉంది. ఆమె చాలాసేపు ఆ గిన్నెని అట్లాగే పట్టుకుని నుంచుంది. అడుగుమాడుని ఇష్టపడి తినే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి కావాలనే అడుగంటించటం మొదలుపెట్టింది. అది మాటలు కాదు. ఒక్క క్షణం ముందు దించితే పస ఉండదు, ఒక్క క్షణం తర్వాత దించితే బొగ్గు. ఆ క్షణం ఎక్కడుందో ఆమె ముక్కుకి తెలుసు. వండేటప్పుడు సంతోషమనేది ఒకటి ఉంటుందని ముప్పై ఆరో ఏట తెలిసిందామెకి.

వెళ్ళిపోయే ముందురోజు హరిమన్న ఇంటికి వచ్చాడు, బాలశౌరితో. ముందుగదిలో వైరు కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, నరసింహారావు ఇచ్చిన సోడా తాగి, లేచి తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. రోశమ్మ కంగారుగా చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆయన సంచిలో నుంచి ఒక సీసా తీసి రెండు చేతులతో పట్టుకుని ఆమె చేతుల్లో పెట్టాడు. ముదురు గోధుమరంగు సీసా. మూతికి పింగాణీ బిరడా, దానికి ఇనప తీగ కొక్కెం. మెడకి దారంతో ఒక చిన్న అట్ట కట్టి ఉంది.

“వాళ్ళ ఊళ్ళో ఒక హోటలుందక్కా” అని బాలశౌరి చెప్పుకొచ్చాడు. “వెనక వసారాలో బీరు వాళ్ళే కాస్తారు, ముందు గదిలో వాళ్ళే పోస్తారు. ఈయన తల్లి ఆ హోటల్లో ముప్పై ఏళ్ళు వంట చేసిందంట. ఇది అట్టాంటిట్టాంటి బీరు కాదు. బార్లీ గింజల్ని నానేసి మొలకెత్తించి, ఎండబెట్టి, దాదాపు మాడేదాకా వేయిస్తారంట. మాడ్చటంలోనే ఉందంట పనితనమంతా. అందుకే నల్లగా ఉంటది, ఘాటు కూడా జాస్తి. చలికాలం ఒక్కసారే కాస్తారు. కాచినప్పుడు మొదటి గ్లాసు వంట చేసేవాళ్ళకే ఇస్తారంట ఆ హోటల్లో. మీ పరమాన్నం తిన్నప్పుడు వాళ్ళమ్మ గుర్తొచ్చిందంట.”

హరిమన్న తల ఊపుతూ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. “అమ్మని అడిగానని చెప్పండి” అంది. ఆయన వెళ్ళాక చూసుకుంటే తన చేతులు ఖాళీగా ఉన్నాయి. చూసి ఇస్తానని నరసింహారావు ఎప్పుడు తీసుకున్నాడో గమనించనే లేదు.

అట్ట మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. రత్నకుమారి కూడబలుక్కుని చదివింది. “ఫర్ ది కుక్.”

“కుక్కకేందే?” అని వీరరాఘవమ్మ అదిరిపడింది. “ఇన్నాళ్ళు తిండిపెడితే మనల్ని కుక్కలంటాడా హరిమన్న?”

“కుక్క కాదు నాయనమ్మా, కుక్. అంటే వంటమనిషి. వంటమనిషికి అని రాశాడు. అంటే అమ్మకి.”

నరసింహారావు సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. “అమ్మ వంటమనిషి ఏందే? మనమేమన్నా వంటమనిషిని పెట్టుకున్నామా? జీతమిచ్చి పెట్టుకుంటే వంటమనిషి. ఇది ఇల్లు. ఇంట్లో వంటమనిషి లేనప్పుడు ఇది ఇంటాయనకి వచ్చినట్టే” అన్నాడు. తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు. “అయినా ఆడదానికి మందు సీసా ఇచ్చేవాణ్ణి వీణ్ణే చూశా.”

బీరువా తెరిచి బీరు లోపల పెట్టి తాళం వేశాడు. రెండేళ్ళ కిందట కామెర్లు వచ్చినప్పుడు డాక్టరు చుక్క ముట్టొద్దన్నాడు. వీరరాఘవమ్మ కొడుకు చేత తన నెత్తి మీద ఒట్టు వేయించుకుంది. అందుకని ఆయన తాగడు. “జి.ఎం. గారిని భోజనానికి పిలిచినప్పుడు పోద్దాం. జర్మనీ సరుకంటే ఆయన పడిపోవాలి” అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని సామెత. ఇక్కడ పెళ్ళాం సొమ్ము మొగుడు దానం. పెళ్ళాం సొమ్ముకి సామెత కూడా లేదు, పెళ్ళానికి సొమ్ము ఉంటుందని ఎవరూ అనుకోకపోవటం చేత.

తర్వాత నాలుగు నెలలు రోశమ్మ ఆ సీసాని అప్పుడప్పుడూ చూసేది. ఆయన చొక్కా తీసుకోవటానికి బీరువా తలుపు తెరిచినప్పుడు, ఇస్త్రీ బట్టల వెనక చీకట్లో దాని భుజం ఒకటి మెరిసేది. తాగాలని కాదు. మందు వాసనంటే ఆమెకి మొదట్నుంచీ గిట్టదు. ఆమెకి కావలసింది వేరు. అది నీది అని ఒక్కసారి అంటే చాలు. తర్వాత తీసుకుపోయి ఎవరికి పోసుకున్నా, కాలవలో పారబోసినా ఆమెకి పట్టదు. ఈ ఇంట్లో ఆమె చేత్తో ముట్టని వస్తువు లేదు, ఆమె పేరు మీద వచ్చిన వస్తువు ఆ ఒక్కటే. మెడలో పసుపుతాడు కూడా వాళ్ళు కట్టిందే. ఆ సీసా మాత్రం ఎవరో పరాయి దేశం మనిషి, ఆమె చేసిన పనిని చూసి, ఆ పనికి ఒక పేరు పెట్టి, ఆ పేరు రాసి ఇచ్చాడు. ఆ పేరు ఆమెది కాదని మొగుడు తేల్చేశాడు. ఆలోచిస్తే తల దిమ్మెక్కేది. అంట్లు తోముతూ ఆలోచించేది, తోమటం అయిపోయేది, ఆలోచన మిగిలిపోయేది.

జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం జి.ఎం. గారు భోజనానికి ఒప్పుకున్నారు. పన్నెండున్నరకి వస్తారని కబురు. రోశమ్మ చీకటితోనే లేచి నాటుకోడి కూర, గోంగూర మాంసం, చేపల పులుసు, గారెలు, పెరుగు పచ్చడి, పరమాన్నం చేసింది. ఎండకి వంటిల్లు సున్నపుబట్టీలా కాలుతోంది. పదకొండింటికి ముందుగది ఊడుస్తుంటే చీపురుకి ఏదో అట్టముక్క తగిలింది. దారం ఇంకా దానికి ఉంది. ‘ఫర్ ది కుక్’. సగానికి చింపి ఉంది. జి.ఎం. గారికి ఇంగ్లీషు వచ్చు కదా, ఆ రాత ఆయన కంట పడకూడదు. రోశమ్మకి అక్షరాలు రావు గాని ఆ అక్షరాల ఆకారం వచ్చు. రెండు ముక్కలూ ఏరి పోపులపెట్టెలో మెంతుల కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఒక నిమిషం కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడవటానికి కూడా కాస్త ఓపిక కావాలి.

“ఏమే, ఇట్రా!”

నరసింహారావు సీసా పట్టుకుని వంటింట్లోకే వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. “దీని అడుగున మడ్డి ఉందే. ఎండాకాలమంతా ఆ ఇనప బీరువాలో ఉడికింది గదా, చెడిపోయిందో ఏందో. చెడింది పోస్తే జి.ఎం. గారు నా మొహాన ఉమ్మేస్తాడు. నేను చూద్దామంటే అమ్మ ఒట్టాయె. నువ్వు చూడు.”

“నేనా? నాకేం తెలుసు మందు సంగతి?”

“నీకు తెలవందేముంది! చెడిందీ లేందీ నీ నాలుక చెప్పుద్ది. ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని చూడు. ఎక్కువ పొయ్యబాకు, ఉన్నదే ఒక సీసా.” అప్పటికే వీధి వైపు చూస్తున్నాడు. “నేను గేటు కాడ ఉంటా. తొందరగా చెప్పు.”

కొక్కెం ఎత్తితే టప్పుమని బిరడా లేచింది. మూతి దగ్గర సన్నగా పొగలాంటిది ఆడింది. రోశమ్మ అలవాటు కొద్దీ అరచెయ్యి చాపింది. చాపి, ఆగింది. ఆ చేతిలో గీతల నిండా పసుపూ కారం ఇంకిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎంతమంది ఇళ్ళల్లో ఎన్ని వంటలు, అన్నీ ఈ చేతిలో ఒక్క చుక్క. ఒక్క చుక్కతో చెడిందో లేదో తెలుస్తుంది గాని, బాగుందో లేదో తెలియదు. అది తెలియాలంటే నోటినిండా తాగాలి. చెయ్యి వెనక్కి తీసుకుని, గూట్లో నుంచి గ్లాసు తీసింది. మొగుడి కాఫీ గ్లాసు. అందులో నిండుగా పోసింది.

నల్లగా పడింది. కాచిన డికాక్షన్లాగా, కాని వెలుతురు వైపు పెడితే అంచున ఎరుపు. పైన ఇటుకరంగు నురగ, ఆమె తల్లి దాలి మీద పాలు కాగినప్పుడు వచ్చే రంగు. మొదటి గుక్క చేదు. వేయించిన మెంతుల చేదు, ఉమ్మేద్దామనుకుంది. ఉమ్మే లోపే ఆ చేదు వెనక నుంచి ఏదో వచ్చింది. బెల్లం వండే కళాయి అడుగున నల్లగా అంటుకునే పాకం. పేలాలు వేయించే మంగలంలో ఒక నిమిషం ఎక్కువ వేగిన జొన్నలు. రెండో గుక్కకి ఆమెకి దాని పేరు తెలిసింది. ఇది మాడు. తను పద్దెనిమిదేళ్ళుగా అందరూ లేచాక గిన్నె అడుగున గీక్కుని తిన్నదే. ఇది గోకు. అన్న బలం కోసం తిన్నదే, తను కుండ తోమేముందు వేలితో నాలిక్కి రాసుకున్నదే. రెండూ ఒకటేనని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మొగవాడికి పెడితే గోకు, ఆడదానికి మిగిలితే మాడు. ఎక్కడో చలిదేశంలో దీన్ని పనిగట్టుకుని మాడ్చి, దాచి, మొదటి గ్లాసు వంటమనిషికి ఇస్తున్నారు. ఛాతీలో మిరియాల చారు తాగినట్టు వెచ్చగా దిగింది. మెడ వెనక ఎప్పుడూ ఉండే బిగువు ఎవరో ముడి విప్పినట్టు కాస్త వదిలింది. రోశమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. పగటిపూట వంటింట్లో పని లేకుండా కూర్చోవటం ఎప్పుడు జరిగిందో ఆమెకి గుర్తు లేదు. ఆ కూర్చోవటంలోనే ఎంత అలిసిపోయిందో తెలిసింది. ఒకరోజు అలుపు కాదది. అన్ని రోజులదీ కట్టగట్టి వచ్చి పక్కన కూర్చుంది.

“ఏమైందే?” గేటు దగ్గర నుంచి అరిచాడు.

“ఇంకా తెలియలా!” అంది. గ్లాసు మళ్ళీ నింపింది.

దొడ్డి గుమ్మంలో కర్ర చప్పుడైంది. వీరరాఘవమ్మ ముక్కు ఎగబీలుస్తూ వచ్చి నిలబడింది. “ఏందే, గోకు వాసనొస్తంది? పాలేమన్నా అడుగంటినయ్యా?” అప్పుడు కోడలి చేతిలో గ్లాసు చూసింది, పక్కన సీసా చూసింది. రోశమ్మ లేవలేదు. తిట్లు ఎక్కడి నుంచి మొదలవుతాయో అని చూస్తూ కూర్చుంది.

“మందేనా అది?” అంది ముసలావిడ.

“మందే అత్తయ్యా.”

వీరరాఘవమ్మ గేటు వైపు ఒకసారి చూసింది. కర్ర గోడకి చేరేసి, మెల్లగా కింద చతికిలబడి, చెయ్యి చాపింది. రోశమ్మ గ్లాసు అందించింది. ముసలావిడ ఒక గుక్క తాగి, ముఖం ముడిచి, పెదాలు చప్పరించింది.

“గోకే” అంది చివరికి. “మా అమ్మ మా తమ్ముడికే పెట్టేది. నీకెందుకే, అత్తారింట్లో తిందువులే అనేది. ఈడకొస్తే మా అత్త కుండ తనే గీకేది.” ఇంకో గుక్క తాగింది. “నేను నీకు పెట్టానా ఎప్పుడన్నా?”

“లేదత్తయ్యా.”

“అవును, పెట్టలా” అంది ముసలావిడ. గ్లాసు తిరిగి ఇచ్చేసింది. “నా దగ్గుకి ఆ డాక్టరిచ్చే మందుకంటే ఇదే నయంగా ఉంది.”

చెప్పుల చప్పుడు వినిపించింది. నరసింహారావు ముందుగదిలోకి వచ్చేశాడు. “ఏమే, జీపు మలుపు తిరిగింది! చెడిందా, బాగుందా, ఏదోటి చెప్పి చావు!”

రోశమ్మ నోరు తెరిచే లోపు వీరరాఘవమ్మ కసిరింది. “ఆగరా, దానికేం తొందర? అది ఇంకా ఉప్పు చూడలా!”

రోశమ్మకి నవ్వొచ్చింది. అలవాటుగా వచ్చే నవ్వు కాదు. సీసాలో మిగిలినదంతా, అడుగు మడ్డితో సహా గ్లాసులోకి వంచింది. మడ్డే అసలు రుచి అని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తొందరపడకుండా తాగింది. పోపులపెట్టె మూత తీసి, అట్టముక్కలు రెండూ తీసి, పీట పక్కన గచ్చు మీద ఒకదానికొకటి ఆనించి పెట్టింది. నరసింహారావు వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. పీట మీద కూర్చున్న పెళ్ళాన్ని, గోడకి ఆనుకున్న తల్లిని, నేల మీద దొర్లుతున్న ఖాళీ సీసాని వరసగా చూశాడు. బయట జీపు ఆగింది.

“బాగుంది” అంది రోశమ్మ. “చెడలేదు. చానా బాగుంది.”

ఆయన నోట వచ్చింది పాత మాటే.

“ఎవర్ని అడిగి తాగావే?”

రోశమ్మ ఖాళీ గ్లాసు కింద పెట్టింది.

“వంటమనిషిని అడిగి తాగా.”